పద్దెనిమిది పోగులు, ఒక నాడె

సిరిసిల్ల,
3 జులై 2025

బిడ్డా సంధ్యా,

ఆంజనేయస్వామి చల్లని చూపు నీ మీద ఉండాలె.

మొన్న నువ్వు ఫోన్ చేస్తే నేను "ఆ, ఆ" అనుకుంట కూసున్న గాని, నిజం చెప్తున్న, ఒక్క ముక్క వినపడలే. మన గోడ అవతలనే సాంచలు, కరెంటు మగ్గాలాయె, నడుస్తున్నయి. ఆ చప్పుడుల ఫోను చెవికి పెట్టుకున్నా ఒకటే, పెట్టుకోకున్నా ఒకటే. మీ చిన్నాయనకైతే ముప్పై ఏండ్లు సాంచలు నడిపి నడిపి చెవులు సగమే పని చేస్తున్నయి. నువ్వు ఏదో సంబురపడి చెప్పినవని మాత్రం ఎరుకైంది. అదేందో కాయితం మీద రాయి బిడ్డా. నేను కూడ రాస్త. పదో తరగతిల మా తెలుగు సారు నా దస్తూరి అందరికి చూపెట్టేటోడు. ఆ చెయ్యి ఇంక ఉన్నదో లేదో ఈ ఉత్తరం చూసి నువ్వే చెప్పు.

ఈడ అందరం బాగున్నం. మొన్న రేషన్ దుకాణంల మల్ల నా బొటనవేలి ముద్ర పడలే. ఐదు సార్లు పెట్టిన. కండెలకు నూలు చుట్టి చుట్టి వేళ్ల మీది గీతలు అరిగినయట. "అమ్మా, నువ్వు నువ్వేనని మిషన్ ఒప్పుకుంటలేదు" అని దుకాణపాయన నవ్విండు. నేను కూడ నవ్విన. ఆఖరుకు కన్ను చూపించి బియ్యం తెచ్చుకున్న. నవ్వితే నవ్విన గాని, ఇంటికి వచ్చినంక దీపం ముందట చాలాసేపు వేళ్లు చూసుకుంట కూసున్న. ఎందుకో తెల్వది.

మా అక్క, మీ అమ్మ, పోయినంక నువ్వు ఇంటర్ల ఈ ఇంటికి వచ్చినవు. నా కండెల గంపకు ఆనుకుని, ఈ చప్పుడులనే చదువుకున్నవు. పోయినేడు నీకు సర్కారు బడిల నౌకరి వచ్చిన నాడు నేను ఏడ్చిన ఏడుపు ఈ వాడకట్టంత విన్నది. ఆ నౌకరి సల్లగ ఉండాలె, ఇంకేం అడగను.

నీ మంచి కోరే,
చిన్నమ్మ రుక్కమ్మ


కోరుట్ల,
10 జులై 2025

చిన్నమ్మా,

నీ ఉత్తరం బడికే వచ్చింది. పోస్టుమ్యాన్ కవరు ఇచ్చుకుంట "మేడం, చేతితోని రాసిన ఉత్తరం పంచక ఎన్ని రోజులైందో" అన్నడు. మా ఐదో తరగతి పిల్లలు దాన్ని చేతులు మార్చి మార్చి చూసిండ్రు. నీ దస్తూరి నా దస్తూరి కంటే బాగుందని ఒక పిల్ల ముఖం మీదనే చెప్పింది. పేరు మానస. ఆ పిల్ల గురించి కింద రాస్త.

ఫోన్ల నేను చెప్పింది ఇది: మా బడికి డిజిటల్ బోర్డు వచ్చింది! గోడంత టీవీ అనుకో. కాని వేలితోని ముట్టుకుంటే చెప్పినట్టు వింటది. బొమ్మలు కదులుతయి. గుండె ఎట్ల కొట్టుకుంటదో, విత్తనం మట్టిల నుంచి ఎట్ల తల ఎత్తుతదో, అంత కండ్ల ముందటనే. ఇన్ని రోజులు నేను గొంతు చించుకుని చెప్పిన పాఠం ఇప్పుడు బొమ్మలే చెప్తున్నయి. ఇగ నాతోని ఏం పని చిన్నమ్మా, పక్కన నిలబడి బటన్ నొక్కుడే నా నౌకరి!

మానస వాళ్ల నానమ్మ కొమురమ్మ దగ్గర ఉంటది. ముసలామె బీడీలు చేస్తది. పిల్ల వారంల రెండు రోజులు బడికి వస్తే మిగతా రోజులు ఆమె పక్కన కూసుని ఆకు కత్తిరించేది. బోర్డు వచ్చిన కాడి నుంచి ఒక్క రోజు బడి తప్పలే. అందరి కంటే ముందే వచ్చి తలుపు కాడ నిలబడుతది.

భయం ఏందంటే, మా బడిల పిల్లలు పందొమ్మిది మందే. ఇంత చిన్న బడికి ఇంత పెద్ద బోర్డు ఎందుకని పైనోళ్లు అంటున్నరు. ఆగస్టు ఆఖరున జగిత్యాలల టీచర్లందరు తాము తయారు చేసిన పాఠాలు చూపెట్టాలె. బోర్డును మంచిగ వాడుకుంటున్న బడికి బోర్డు ఉంచుతరు. లేకుంటే పెద్ద బడికి తీస్కపోతరు. అది పోతే మానస కూడ పోతది. నాకు ఆ సంగతి ఎరుకే.

అందుకే "దారం నుంచి గుడ్డ" అనే పాఠం నేనే బొమ్మలతోని తయారు చేస్తున్న. మా పిల్లలు గుడ్డను దుకాణంల చూసుడే గాని నేసుడు చూడలే. సాంచ గుడ్డ ఎట్ల నేస్తదో నాకు జర రాసి పంపు. నీ ఇంట్ల మూడేండ్లు ఉండి కూడ నేను పుస్తకంలకెల్లి తల ఎత్తలే, ఇప్పుడు సిగ్గు అయితుంది.

నీ కండెల గంప పక్కన చదివిన,
సంధ్య


సిరిసిల్ల,
17 జులై 2025

బిడ్డా,

నీ ఉత్తరం మూడు సార్లు చదివిన. సంబురమే. కాని నడుమ ఒక మాట ముల్లు లెక్క దిగింది. పక్కన నిలబడి బటన్ నొక్కుడే నా నౌకరి అని రాసినవు.

మా నాయిన, అంటే మీ తాత, మగ్గం నేసిండు. చేతితోని, కాలుతోని. నాకు ఏడెనిమిదేండ్లప్పుడు వాడల సాంచలు దిగినయి. "ఇగ నీకు కష్టం లేదు, సాంచే నేస్తది, నువ్వు పక్కన నిలబడితే చాలు" అన్నరు. మొదలు సాంచకు ఒక మనిషి నిలబడ్డడు. తర్వాత రెండింటికి ఒక మనిషి. తర్వాత నాలుగింటికి. నాయిన మగ్గం కట్టెలు మా ఇంట్ల మంచానికి కోళ్లు అయినయి. నేను ఎవరిని తిడుతలేను. ఆ సాంచల మీదనే నా ఇల్లు నడిచింది. కాని పక్కన నిలబడుడు అన్న మాటకు నాకు భయం.

నువ్వు అడిగింది చెప్త. పొడుగుగ సాగదీసిన దారాలు పడుగు. అడ్డంగ పోయే దారం పేక. పడుగుల సగం పోగులు పైకి లేస్తయి, సగం కిందికి దిగుతయి. ఒకటి విడిచి ఒకటి. నడుమ ఒక దారి పడుతది. ఆ దారిలకెల్లి నాడె ఉరుకుతది, పేక దారం వెంట తీసుకుని. నాడె అంటే పడవ తీరు ఉండే కట్టె ముక్క, దాని కడుపుల నేను చుట్టిన కండె ఉంటది. నాడె అటు చేరంగనే పైవి కిందికి, కిందివి పైకి. మల్ల దారి, మల్ల నాడె. అంతే గుడ్డ. ఒక్క పోగు తెగినా సాంచ ఆపుతం, ముడేస్తం, మల్ల నడుపుతం.

దేవుని ముందట మనసుల ఒక మాట అనుకున్న. మంచి రోజు చూసి కొండగట్టుకు పోయి ఆంజనేయస్వామికే చెప్పుకుంట. నీ గురించే. ఏందని అడగకు.

బయట వాన, లోపట నీ యాది,
చిన్నమ్మ


కోరుట్ల,
26 జులై 2025

చిన్నమ్మా,

మొక్కు ఏందో నాకు తెలిసిపోయింది. నా పెళ్లి గురించే కదా! ముందుగాలనే చెప్తున్న, ఈ ఏడు కాదు. స్వామిని తొందర పెట్టకు. చిన్నాయనకు కూడ చెప్పు, సంబంధాలని తిరగొద్దు.

ఇగ అసలు సంగతి. పాఠం అయిపోయింది! పత్తి పువ్వు విచ్చుకుంటది, దారం అయితది, దారం ఉరుక్కుంట పోయి సాంచల పడుతది, నాడె టకటకమని ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు, చూస్తుండంగనే నీలం రంగు గుడ్డ. వెనక సంగీతం కూడ పెట్టిన. పిల్లలు చప్పట్లు కొట్టిండ్రు. మా హెడ్ సారు దివాకర్ సారు "సంధ్యా మేడం, జగిత్యాలల మనదే ముందట" అన్నడు. చిన్నాయన ఫోనుకు పంపిన. మీరిద్దరు చూసి ఎట్లున్నదో చెప్పాలె.

ఒకటే చిన్న అనుమానం. నిన్న "గుడ్డ ఎట్ల తయారైతది" అని అడిగితే అందరు "నీలం రంగుల తయారైతది మేడం" అన్నరు. నవ్వొచ్చింది. తర్వాత నవ్వు రాలే.

పెళ్లి తొందర లేని,
సంధ్య


సిరిసిల్ల,
3 ఆగస్టు 2025

బిడ్డా,

బొమ్మల పాఠం చూసినం. పత్తి పువ్వు విచ్చుకునుడు చూస్తే నాకు దండం పెట్టబుద్ధైంది. రంగులు, సంగీతం, అన్ని ముచ్చటగ ఉన్నయి.

ఎట్ల చెప్పాలె అని రెండు రోజులు ఆగిన. మీ చిన్నాయన కండ్లద్దాలు పెట్టుకుని రెండు సార్లు చూసి, మూడోసారి ఫోను నా చేతుల పెట్టి ఒకటే నవ్వు. "ఈ గుడ్డతోని లుంగి కుట్టిస్తే ఊరి కమాను దాక కూడ పోలేను, నడుమలనే విడిపోతది" అన్నడు. "నీ బిడ్డ సాంచకు పోగులు లేస్తలేవు, దిగుతలేవు. నాడె ఊరికెనే మీదికెల్లి పోతుంది. గాలి నేస్తుందా ఏంది?"

ఆయన నవ్విండని కోపం తెచ్చుకోకు. తప్పు నాదే కావచ్చు, మంచిగ రాసినట్టు లేను. పడుగు పోగులు ఒకటి విడిచి ఒకటి లేవాలె బిడ్డా. అవి లేవకుంటే నాడె ఎంత ఉరికినా పేక పడుగును పట్టుకోదు. చూసెటోళ్లకు గుడ్డ లెక్కనే కనపడుతది. చెయ్యి పెడితే దారాలే.

నాకు ఇంకొకటి అనిపించింది. చెప్పొచ్చునో లేదో. నీ బొమ్మల అంత దానంతట అదే అయిపోతుంది. చూసెటోళ్లకు చేసే పని ఏం లేదు.

మొక్కు నీ పెళ్లి గురించి కాదు. మంగళవారం కొండగట్టు పోతున్న.

తప్పుగ అనుకోవద్దని,
చిన్నమ్మ


కోరుట్ల,
12 ఆగస్టు 2025

చిన్నమ్మా,

కోపం లేదని రాస్తే అబద్ధమైతది. మొదటి రోజు ఉన్నది. చిన్నాయన నవ్విన నవ్వు ఈడి దాక వినపడ్డది. నేను తప్పు పాఠం పిల్లలకు చూపెట్టిన, సారుకు చూపెట్టిన, చప్పట్లు కొట్టించుకున్న. నువ్వు మంచిగనే రాసినవు. "ఒకటి విడిచి ఒకటి" అని నీ ఉత్తరంల స్పష్టంగ ఉన్నది. అది చేసుడు కష్టమని నేనే విడిచిపెట్టిన, ఎవరు చూస్తరులే అని.

సరిచేద్దామని బడికి పోతే బోర్డు చచ్చిపోయి ఉన్నది. పోయిన మంగళవారం సాయంత్రం నుంచి ఒక్క గీత రాదు, నల్లగ బండ లెక్క. బాగుచేసే ఆయన ఎప్పుడొస్తడో చెప్పలేనన్నడు. మధ్యల వానలు. జగిత్యాల కార్యక్రమం దగ్గరపడ్డది.

మానస మూడు రోజులు వచ్చి నల్లటి బోర్డును చూసి పోయింది. నాలుగో రోజు నుంచి రాలే. నేను నల్లబల్ల మీద సుద్దతోని సాంచ బొమ్మ వేస్తే ఒక్కరు తల ఎత్తలే. చిన్నమ్మా, నేను ఆ బోర్డు రాకముందు మంచిగనే చెప్పేదాన్ని. ఇప్పుడు నాకే చేతకాకుంట అయ్యింది.

ఎవరి దిష్టి తగిలిందో.

సంధ్య


సిరిసిల్ల,
17 ఆగస్టు 2025

బిడ్డా సంధ్యా,

ఈ ఉత్తరం కూసుని చదువు.

దిష్టి ఎవరిది కాదు. నాది. ఐదో తారీఖు మంగళవారం నేను గుట్ట ఎక్కి స్వామి ముందట చేతులు జోడించి అడిగింది ఇదే: "తండ్రీ, ఆ బోర్డు మూలకు పడాలె. నా బిడ్డ నౌకరి నిలవాలె. పదకొండు ప్రదక్షిణలు చేస్త." సాంచ వచ్చినంక మగ్గం పోయినట్టు, బోర్డు వచ్చినంక టీచర్ పోతదని నా భయం. నువ్వు ఎగతాళికి రాసిన మాటను నేను నిజం అనుకున్న. ఆ బోర్డు ఉంటేనే నీ మానస బడికి వస్తదని కూడ నువ్వు రాసినవు. అది నా కండ్లకు ఆనలే. మంగళవారం సాయంత్రం అని నువ్వు రాసింది చదివినంక నాకు అన్నం దిగలే. నేను గుట్ట దిగిన వేళ అదే.

యాభై ఏండ్ల మనిషిని, ఇన్నేండ్ల పూజల ఒకరి చెడు అడగలే. అడిగిన ఒక్కసారి నీకే తగిలింది.

నిన్న శనివారం మల్ల పోయిన. ఒక పెద్దయ్యగారు ప్రసాదం పంచుతుంటె ఆగి అడిగిన, "అయ్యా, మొక్కిన మొక్కును వాపసు తీసుకోవచ్చునా?" అని. సంగతి అంత విని ఆయన నవ్వాపుకోలేక "అమ్మా, స్వామికి కరెంటు పని కూడ అప్పజెప్పినవా? పో, బోర్డు బాగు కావాలని మొక్కుకో, ఆయనకు రెండు పనులు తెలుసు" అన్నడు. మొక్కుకున్న. ఇంకో పదకొండు.

స్వామి చేసేది స్వామి చేస్తడు. నడుమల మనం ఊకె కూసునుడు ఎందుకు? నీ పిల్లలు పందొమ్మిది మంది అన్నవు కదా. చిన్నాయన, నేను నేల మీద అగ్గిపుల్లలు పేర్చి చూసినం. పద్దెనిమిది మంది పడుగు పోగులు. కిటికీ ఊచలకు పద్దెనిమిది పొడుగు పేలికలు కట్టి, తలొకరికి ఒక కొస పట్టియ్యి. తొమ్మిది మంది చేతులు పైకెత్తాలె, తొమ్మిది మంది కిందికి వంగాలె, ఒకరిని విడిచి ఒకరు. నడుమ దారి పడుతది. పందొమ్మిదో పిల్ల నాడె. ఎర్ర పేలిక పట్టుకుని ఆ దారిలకెల్లి ఉరకాలె. బస్సుల పేలికల మూట పంపుతున్న, చిన్నాయన తానే కొలిచి కత్తిరించిండు. నవ్వినందుకు ఆయన చెల్లించుకున్న జరిమానా అనుకో.

చూసినవా, పద్దెనిమిది మందితోని ఆ గుడ్డ కాదు. నాడె కావాలె. పోయి ఆ పిల్లను తీసుకరా. పోగు తెగితే ముడేస్తం, సాంచను తిట్టుకుంట కూసుంటమా?

నన్ను క్షమించిననని ఒక్క లైను రాయి.

చిన్నమ్మ


కోరుట్ల,
1 సెప్టెంబర్ 2025

మా చిన్నమ్మకు,

క్షమించిన, క్షమించిన, క్షమించిన. నీ ఉత్తరం చదివి మొదలు నవ్విన, తర్వాత స్టాఫ్ రూంల తలుపు దగ్గరికి వేసుకుని ఏడ్చిన. నా నౌకరి గురించి నువ్వు గింత భయపడ్డవని నాకు తెల్వది. బోర్డు ఉన్నా లేకున్నా నా నౌకరి ఉంటది చిన్నమ్మా. నువ్వు భయపడ్డది పూర్తిగ తప్పు కూడ కాదు. నేనే పక్కకు జరిగి నిలబడ్డ. ఎవరు జరపలే.

కొమురమ్మ అవ్వ ఇంటికి పోయిన. చాట ముందట పెట్టుకుని తల ఎత్తకుండనే అడిగింది, "ఒక్క పిల్ల రాకుంటే మీ బడి మూతపడుతదా మేడం?"

"బడి మూతపడదు అవ్వా. గుడ్డ కాదు" అన్న.

"ఏం గుడ్డ?"

చెప్పిన. పద్దెనిమిది మంది ఉన్నరు, ఉరికే నాడె లేదని. ఆమె చేతిల బీడీకి దారం చుట్టి చాటల పెట్టింది. "మా అవ్వగారిల్లు సిరిసిల్లనే. చిన్నప్పుడు నేను కూడ కండెలు చుట్టిన" అన్నది ఉన్నట్టుండి. మర్నాడు మానసను చెయ్యి పట్టుకుని తానే తీస్కవచ్చింది, చాటతోని సహా. వరండల గోడకు ఆనుకుని కూసున్నది, బీడీలు చేసుకుంటనే చూస్త అన్నది.

పేలికలు కట్టినం. మొదటిసారి అంత గందరగోళం. అక్షయ్ అనేటోడు ఎప్పుడు ఎత్తాలో అప్పుడు దించుతడు. కొమురమ్మ అవ్వ చాట పక్కకు పెట్టి లేచింది. "ఓ పోరడా, నువ్వు పోగువా, గడ్డివా? నిలబడు సక్కగ!" నాలుగోసారికి కుదిరింది. పైకి, కిందికి, మానస ఉరుకు, మార్చు. మల్ల ఉరుకు. పది అడ్డాలు పడ్డంక కొసలు ముడేసి చూస్తే చిన్నమ్మా, గుడ్డ! పిల్లలు దాన్ని గుంజి చూసిండ్రు, మీద కూసున్నరు, విడిపోలే. అప్పుడు మానస నా దగ్గరికి వచ్చి మెల్లగ "మేడం, మీ బొమ్మల పాఠం తప్పు కదా" అన్నది. తప్పే అన్న. "అయితే మనం బాగుచేద్దాం" అన్నది.

వానలకు జగిత్యాల కార్యక్రమం 12వ తేదీకి వాయిదా పడ్డది. నీ రెండో మొక్కు కూడ ఫలించింది, బోర్డు బాగైంది. పాడైన కారణం రాయాల్నా వద్దా అని రెండు రోజులు ఆలోచించిన. బాగుచేసే ఆయన కిటికీ అవతల వైరు తెగి ఉన్నదని చూపెట్టిండు. అన్నం వండే పుష్పక్క అప్పుడు చెప్పింది, "ఆ మంగళవారం కోతి కిటికీల కూసుని వైరు గుంజుతుంటె నేనే కట్టెతోని బెదిరించిన" అని.

నేనేం అనను. నువ్వే ఆలోచించుకో.

పిల్లలు, నేను కలిసి పాఠం మల్ల చేసినం. ఇప్పుడు బోర్డు మీద సాంచ దానంతట అది నడవదు. ఏ పోగులు లేవాల్నో పిల్లలు వేలితోని ముట్టి లేపాలె, అప్పుడే దారి పడుతది, అప్పుడే నాడె కదులుతది. తప్పు పోగు ముట్టుకుంటే పేక జారిపోతది, గుడ్డ విడిపోతది. సంగీతం తీసేసిన. మీ సాంచల చప్పుడు చిన్నాయన ఫోన్ల రికార్డు చేసి పంపిండు, అది పెట్టిన.

12వ తేదీన మీరిద్దరు జగిత్యాల రావాలె. రాకుంటే నేను మొక్కు మొక్కుత.

నీ,
సంధ్య


కోరుట్ల,
15 సెప్టెంబర్ 2025

చిన్నమ్మా,

క్షేమంగ చేరిండ్రని చిన్నాయన ఫోన్ల చెప్పిండు, అంటే ఆయన చెప్పిండు, నేను చెప్పింది ఆయనకు వినపడలే.

ఈ పొద్దు కబురు వచ్చింది. బోర్డు మా బడిలనే ఉంటది! పాఠాలు చూడ వచ్చిన ఆ పెద్దసారు తానే వేలు పెట్టి తప్పు పోగు లేపితే గుడ్డ విడిపోయింది కదా. అప్పుడు మానస "పోగు చూసి ముట్టాలె సార్, మల్ల మొదటి నుంచి" అని ఆయనకే చెప్పింది. ఆయన నవ్విండు, మల్ల మొదటి నుంచి చేసిండు. తర్వాత "బోర్డు చెడిపోయిన మూడు వారాలు ఏం చేసిండ్రు?" అని అడిగితే, నేను నోరు తెరవకముందే పిల్లలు సంచిలకెల్లి పేలికలు తీసిండ్రు. దివాకర్ సారు చెప్పిండు, మన బడి పేరు రాసుకున్నది అప్పుడేనట.

కాని ఒక సంగతి నన్ను తింటున్నది. భోజనాలప్పుడు నువ్వు కనపడలే. అరగంట వెతికిన. మానసతోని వచ్చినవు, కండ్లు ఎర్రగ ఉన్నయి. అడిగితే "దుమ్ము" అన్నవు. ఎవరన్న ఏమన్న అన్నరా? పెద్ద పెద్దోళ్ల నడుమ నిన్ను ఒక్కదాన్ని విడిచిపెట్టి పోయిననని నా మీద కోపమా? దాచకుండ రాయి.

సంధ్య


సిరిసిల్ల,
20 సెప్టెంబర్ 2025

బిడ్డా,

రేపు ఎంగిలిపూల బతుకమ్మ. పూలు తెంపుకొచ్చి నీళ్లు చల్లి పెట్టి ఇది రాస్తున్న.

ఎవరు ఏమనలే. అందరు మంచిగనే చూసిండ్రు. ఒక టీచరమ్మ నాకు కుర్చీ కూడ వేసింది. ముప్పై ఐదేండ్ల తర్వాత బడిల కూసున్న, కుర్చీ వద్దని బెంచి మీదనే కూసున్న.

మీరంత అన్నానికి పోయినంక ఆ గదిల నేను, మానస మిగిలినం. బోర్డు వెలుగుతనే ఉన్నది. నీ సాంచ, పద్దెనిమిది పోగులు. నేను దూరం నుంచి చూస్తుంటె ఆ పిల్ల "అమ్మమ్మా, నువ్వు కూడ ముట్టుకో" అన్నది. వద్దన్న. "ఏం, భయమా?" అన్నది. భయమే బిడ్డా. రేషన్ దుకాణం మిషన్ యాదికొచ్చింది. ఇంత పెద్ద బోర్డు ముందట నా వేలు పడకుంటే, ఆ పిల్ల ముందట, అదే గుడ్డ, అదే సాంచ, నా ఇంటి పని, దాని ముందటనే నేను నేను కాకుంట పోతే ఎట్ల? చేతులు కొంగుల పెట్టుకున్న.

ఆ పిల్ల ఊకోలే. నా చెయ్యి పట్టి గుంజింది. కండ్లు మూసుకుని స్వామి పేరు అనుకుని వేలు పెట్టిన. తెరిచి చూస్తే మొదటి పోగు లేచి ఉన్నది. మూడోది ముట్టుకున్న, లేచింది. ఐదోది లేచింది. నాడె ఉరికింది. నేను ముట్టుకున్న ప్రతి పోగు లేచింది బిడ్డా. మానస "అమ్మమ్మా, నీకు ఒక్క తప్పు పోతలేదు" అని చప్పట్లు కొట్టింది. తప్పెట్ల పోతది? అరగంట నేసిన. నాలుగు వేళ్ల వెడల్పు గుడ్డ దిగింది. కండ్లు ఎందుకు ఎర్రగ అయినయో ఇప్పుడు తెలిసిందా?

వచ్చేటప్పుడు కొండగట్టు కాడ దిగినం. పదకొండు, పదకొండు, ఇరవై రెండు ప్రదక్షిణలు చేసిన. మొదటి పదకొండు తప్పు ఒప్పుకున్నందుకు, రెండో పదకొండు బోర్డు బాగైనందుకు. అవి అయినంక కాళ్లు నొస్తున్నా ఇంకొకటి తిరిగిన. అది దేనికని మీ చిన్నాయన అడిగిండు. చెప్పలే. నీకు చెప్తున్న, అది నా వేలికి.

గుట్ట మీద ఒక కోతి నా కొబ్బరి చిప్ప గుంజుకపోయింది. ఈసారి ఏం అనలే. తిననియ్యి, దాని పని అది చేసింది.

నీ పాఠంల పోగు లేపిన,
చిన్నమ్మ రుక్కమ్మ